ఒంటి జంధ్యం

శ్రీరామనవమి నాడు మా ఊళ్ళో సీతమ్మ మెడలో పుస్తె కట్టేది నేనే. స్వామి తరఫున చేతులు అర్చకుడివి. పుస్తెను పళ్ళెంలో పెట్టి పందిరంతా తిప్పుతాను. ఆడవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. గట్టిమేళం అందుకోగానే మూడు ముళ్ళు వేస్తాను. నాన్నగారు పోయినప్పటి నుంచి ఈ పని నాది. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నా చేత్తో పుస్తె కట్టింది ఆ ఒక్క మెడకే.

ఒకప్పుడు పందిట్లోనే ఎవరో ఒకరు అందుకునేవారు. "పంతులూ, సీతమ్మ లగ్గమైతే యేటా చేస్తవు గని, మాకు పప్పన్నం ఎప్పుడు పెడతవు?" అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల చివుక్కుమనేది. ఈ మధ్య ఆ ప్రశ్న ఎవరూ వేయడం లేదు. అడగడం మానేశారంటే లెక్కలోంచి తీసేశారని అర్థం. అది ఇంకా చివుక్కుమంటోంది.

మా ఊరు మంథనికి దగ్గర, గోదావరి ఒడ్డున. జంధ్యాల పౌర్ణమి నాడు మా అరుగు మీద కూర్చుని కొత్త జంధ్యాలు పంచుతాను. పెళ్ళి కానివాడికి ఒకటి, పెళ్ళయినవాడికి రెండు. ఉత్తరీయానికి బదులుగా మూడోది కూడా వేసుకునేవాళ్ళున్నారు. నా దగ్గర సంధ్యావందనం నేర్చుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు రెండేసి అడిగి తీసుకుంటున్నారు. నాది ఒంటి జంధ్యం. అలాగని నేను బ్రహ్మచారినా? వేదాధ్యయనం ముగించి గురువుగారి ఇల్లు వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. గృహస్థును కాను, వానప్రస్థుణ్ణి కాను, కాషాయం కట్టలేదు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు "అవివాహితుడు" అని రాసుకుని పోతారు. ధర్మశాస్త్రంలో ఆ గడి లేదు. ద్విజుడు ఒక్క రోజైనా ఏదో ఒక ఆశ్రమంలో లేకుండా ఉండకూడదని స్మృతులు చెబుతాయి. ఆ లెక్కన నేను రోజూ చేయకూడని పనే చేస్తున్నాను, పూజతో పాటు.

పెళ్ళి ఎందుకు కాలేదంటే పెద్ద రహస్యమేమీ లేదు. అర్చకుడికి పిల్లనివ్వరు. ధూపదీప నైవేద్యం పథకం కింద మా గుడికి నెలకు ఆరువేలు వచ్చేది. 2023లో పదివేలు చేశారు. పళ్ళెంలో పడేది పండగలకే. పెళ్ళిచూపులకు వెళితే పిల్ల తండ్రి జాతకం కంటే ముందు "ఏదైనా వేరే ఉద్యోగం చూసుకోరాదూ" అనేవాడు. అలా అన్న పెద్దమనిషి కూడా పౌరోహిత్యం చేసేవాడే. తన కూతురికి తన బతుకు వద్దనుకున్నాడు. తప్పు పట్టను.

మేనరికం ఒకటి ఉండేది. మా మేనమామ కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. పెద్దవాళ్ళు అడగకముందే ఫోన్ చేసి తనే చెప్పింది. "బావా, నిన్ను వద్దనడం కాదు. ఆ ఊరిని వద్దంటున్నా. ఆ మడిని, పొద్దున నాలుగింటికి లేవడాన్ని, నెలనెలా మూడు రోజులు వెనకింట్లో చాప మీద కూర్చోవడాన్ని వద్దంటున్నా. అత్తయ్య బతికినట్టు నేను బతకలేను." మా అమ్మ బతుకును నేను ఇంట్లో ఉండి చూసినదానికంటే, సెలవులకు వచ్చిపోయే ఆ పిల్ల బాగా చూసింది. అమ్మకు ఈ మాట చెప్పలేదు. చెప్పినా అమ్మ కాదనేది కాదేమో.

2017లో మన తెలంగాణ ప్రభుత్వం అర్చకుణ్ణి చేసుకునే వధువుకు మూడు లక్షలు ఇస్తామని ప్రకటించింది. కర్ణాటకలోనూ అలాంటి పథకమే ఒకటి 2021లో పెట్టారు. ఆ వార్త నాకు చదివి వినిపించినవాళ్ళ మొహాల్లో జాలి ఉంది, కొంచెం వినోదం కూడా ఉంది. గురజాడ కన్యాశుల్కం అచ్చయిన 1897 నాటికి అగ్రహారాల్లో పిల్లకు వెలకట్టి పుచ్చుకునేది తండ్రి. ఇప్పుడు ఇస్తామన్నది సర్కారు. మా మరదలు చెప్పిన కారణాల్లో మూడు లక్షలతో తీరేది ఒక్కటీ లేదు.

మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. మేము ఆశీర్వచనంలో పుత్రపౌత్రాభివృద్ధి కోరతాం. పుత్రికల సంగతి ఎత్తం. తరాలుగా మా నోటి నుంచి వెళ్ళిన ఆ దీవెన ఎంతో కొంత ఫలించింది. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళ లోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 961 మంది. 2011 వచ్చేసరికి అది 939కి దిగింది. దేశం మొత్తం మీద 927 నుంచి 919కి. పుట్టబోయేది ఎవరో చెప్పకూడదన్న చట్టం 1994లోనే వచ్చింది, అయినా ఇంత. నా వయసువాళ్ళ కష్టానికి డబ్బూ కులమూ గోత్రమూ కారణాలు. మా వెనక వస్తున్నవాళ్ళకు అవన్నీ ఉంటాయి, ఈ లెక్క కూడా తోడవుతుంది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలోని మండ్య జిల్లా నుంచి పెళ్ళికాని రైతు యువకులు మలె మహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు, పిల్లను ప్రసాదించమని. నేను మనసులో వాళ్ళతో నడిచాను. అదే ఏడాది నవంబరులో అదే జిల్లాలో ఒక బెల్లం తయారుచేసే షెడ్డులో దొంగచాటుగా స్కానింగ్ చేసి ఆడపిండాలను తీయించేస్తున్న ముఠా దొరికింది. కొండ మీద మహదేశ్వరుడు ఏ అర్జీ వినాలి?

మన పురాణాలకు ఒంటరి మగవాడి బాధ తెలియదని అనలేను. బాగా తెలుసు. ఆదిపర్వంలో జరత్కారుడు ఉన్నాడు. పెళ్ళి వద్దనుకుని తిరుగుతున్న తపస్వికి ఒక గోతిలో తలకిందులుగా వేలాడుతున్న తన పితృదేవతలు కనిపిస్తారు. వాళ్ళు పట్టుకున్న గడ్డిదుబ్బు వేళ్ళను ఎలుక కొరుకుతుంటుంది. నువ్వు పెళ్ళాడి బిడ్డను కంటేనే మాకు గతి అంటారు. ఇక్కడి దాకా హరికథల్లో అందరూ చెప్పేదే. ఆ తర్వాతిది ఎవరూ ఎక్కువ చెప్పరు. సరేనని ఆయన పిల్ల కోసం భూమంతా తిరిగితే ఒక్కరూ ఇవ్వరు. ముసలివాడు, చేతిలో కానీ లేదు. చివరికి అడవిలోకి పోయి ఏడుస్తాడు. ఎవరైనా ఉంటే నాకు కన్యను భిక్ష పెట్టండని ముమ్మారు అడుగుతాడు. వాసుకి ఆ కేక విని తన చెల్లెల్ని తెచ్చి అప్పగిస్తాడు. ఆమె పేరూ జరత్కారువే, ఎందుకంటే తన పేరున్న పిల్లనే చేసుకుంటానని ఆయన షరతు. కొన్నాళ్ళకు, సంధ్యావేళ దాటిపోతుందని నిద్ర లేపినందుకు ఆమెను వదిలేసి వెళ్ళిపోతాడు. అప్పటికి ఆమె కడుపులో ఆస్తీకుడు ఉన్నాడు.

హనుమంతుణ్ణి కూడా మనవాళ్ళు ఒంటరిగా వదల్లేదు. పరాశర సంహిత ప్రకారం నవ వ్యాకరణాల్లో కొన్ని పెళ్ళయినవాడికే చెప్పాలి. అందుకని గురువైన సూర్యుడు తన కూతురు సువర్చలనిచ్చి పెళ్ళి చేశాడు. పెళ్ళి కాగానే ఆమె తపస్సుకు వెళ్ళింది, ఆయన బ్రహ్మచారిగానే ఉన్నాడు. ఖమ్మం వైపు ఇల్లెందులో సువర్చలా సమేత ఆంజనేయస్వామి గుడి ఉంది. జ్యేష్ఠ శుద్ధ దశమికి కల్యాణం చేస్తారు. పాఠం పూర్తి కావడానికి ఒక పిల్ల కావలసివచ్చింది. అశ్వమేధానికి రాముడికి బంగారు సీత కావలసివచ్చింది. ఎవరి కష్టమైనా కథలో తీరే దారి ఒక్కటే. ఎవరో ఒకరి కూతురినో చెల్లెల్నో తెచ్చి ఇస్తారు. ఆ దారి మూసుకుపోయింది. మూసింది మా మరదలి లాంటివాళ్ళు. దాన్ని మళ్ళీ తెరవమని ఏ దేవుణ్ణీ అడగను.

మరి నాలాంటివాడు ఏం చేయాలి?

ఊళ్ళో పెద్దలు రెండు రకాల మందులు చెబుతారు. ఒకటి, విశ్వావసు గంధర్వ మంత్రం జపించు, పిల్ల దొరుకుతుంది. నేనే ఎందరికో ఉపదేశించిన మంత్రం, దాని గురించి ఏమీ అనను. రెండోది ఇంకా చెడ్డది. "అదృష్టవంతుడివయ్యా, సంసార బంధం లేదు, భగవంతుడు నిన్ను తనకోసం అట్టే పెట్టుకున్నాడు." ఈ మాట అనేవాడు సాయంత్రం ఇంటికి వెళ్ళి మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు.

ఏకాదశి నాడు తినకపోతే ఉపవాసం. ఇంట్లో గింజ లేక తినకపోతే పస్తు. రెండు కడుపులూ ఒకేలా మండుతాయి, కానీ పస్తున్నవాడి దగ్గరికి వెళ్ళి నీకు ఏకాదశి పుణ్యం దక్కిందయ్యా అంటే వాడు తంతాడు. తన్నాలి కూడా. నాది వ్రతం కాదు. నేను సంకల్పం చెప్పుకోలేదు. సంకల్పం లేని కర్మకు ఫలం లేదని రోజూ పదిమందికి చెప్పి అక్షింతలు ఇచ్చేవాణ్ణి, నా విషయంలో మాత్రం ఆ నియమం ఎలా సడలిస్తాను? ఆహారం మానినవాడికి విషయాలు దూరమవుతాయి గాని వాటి మీది రుచి పోదని గీత రెండో అధ్యాయంలోనే ఉంది. మూడో అధ్యాయంలో, ఇంద్రియాలను బిగబట్టి మనసులో అవే తలుచుకునేవాణ్ణి మిథ్యాచారి అన్నాడు భగవానుడు. విరాగిగా నటించమని ఊరు నన్ను అడుగుతోంది గాని ఆయన అడగలేదు.

ఈ వేషం ఒక వైపు. ఇంకో వైపు కోపం ఉంది. దాని సంగతి మా అక్క కొడుకు చెప్పాడు. వాడు చదువుకని టొరంటో వెళ్ళి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. ముప్పై ఒకటి దాటాయి. "మామా, ఇక్కడ నాలాంటోళ్ళు వేలమంది. శనివారం సాయంత్రం ఎవరికీ ఎవరూ ఉండరు" అంటాడు. 2018లో ఆ ఊళ్ళోనే ఒకడు వ్యాను వేసుకుని కాలిబాట మీది జనాన్ని తొక్కించాడు. పదకొండుమంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆడవాళ్ళు తమను కాదన్నారని పగబట్టిన మగవాళ్ళ మాటలు వాడు వల్లించేవాడట. వాళ్ళను ఇన్‌సెల్ అంటారు, కోరకుండా వచ్చిపడిన బ్రహ్మచర్యం కలవాళ్ళని. ఆ పేరుకు మూలమైన మాటను 1997లో పుట్టించింది కెనడాలో ఒక విద్యార్థిని. తోడు దొరకని ఆడా మగా అందరూ ఒకరికొకరు కష్టం చెప్పుకోవడానికి ఆమె మొదలుపెట్టింది. తర్వాత అది ఆమె చేయి దాటిపోయింది.

మా మేనల్లుడికి నేను చెప్పింది మా వృత్తి భాషలోనే. మనిషికి పుట్టుకతో మూడు ఋణాలు ఉంటాయంటుంది వేదం. ఋషులకు, దేవతలకు, పితృదేవతలకు. ఆ మూడూ మనం తీర్చవలసినవి. మనకు రావలసిన బాకీల జాబితా ఏ శాఖలోనూ నేను చదవలేదు. ఫలానా ఆడపిల్ల నాకు బాకీ ఉంది అనుకున్న రోజున దుఃఖం చెడిపోతుంది. దుఃఖాన్ని చెడకుండా ఉంచుకోవడం కూడా ఒక ఆచారమే, మడి లాగా.

మడి అన్నాను కదా. పొద్దున స్నానం చేసి మడి కట్టుకున్నాక మధ్యాహ్నం దాకా నన్ను ఎవరూ తాకరు. పిల్లలు పరుగెత్తుకొస్తే తల్లులు వెనక్కి లాగుతారు. తీర్థం ఎత్తునుంచి పోస్తాను, శఠగోపం పెట్టినా మనిషి తలకూ నా చేతికీ మధ్య లోహం ఉంటుంది. పెళ్ళిలో వధూవరుల చేతులు కలిపించేది నేనే, అదీ మాటతోనే. పెళ్ళయిన అర్చకుడికి ఈ దూరం మధ్యాహ్నంతో ముగుస్తుంది. నాకు సాయంత్రమూ అంతే, రాత్రీ అంతే. శరీరం సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను. కానీ శరీరం సంగతి లేదని మాత్రం అనను. అమ్మ ఇంకా ఉంది. "నేను పోతే నీకు మంచినీళ్ళిచ్చే దిక్కెవరురా" అంటుంది. నీళ్ళు నేనే తోడుకోగలను, వంట నేనే చేస్తాను, నైవేద్యం వండేదీ నేనే. దిక్కు అంటే ఏమిటో అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

బృహదారణ్యకం మొదటి అధ్యాయంలో, సృష్టికి ముందు ఒక్కడే ఉన్న పురుషుడు మొదట భయపడతాడు. నేను తప్ప ఇంకొకరు లేనప్పుడు ఎవరిని చూసి భయం అని ఆలోచించుకుంటాడు, భయం పోతుంది. రెండోది ఉంటేనే కదా భయం. అద్వైతులం ఈ వాక్యం దగ్గర ఆగిపోయి ఉపన్యాసాలిస్తాం. ఆ వెంటనే ఉన్న వాక్యం ఇంకొకటి చెబుతుంది. అతనికి సంతోషం కలగలేదు, ఒంటరిగా ఉన్నవాడికి ఆనందం ఉండదు, అందుకే రెండో వ్యక్తిని కోరుకున్నాడు. భయం తీరినా ఒంటరితనం తీరలేదు. అతనికి జ్ఞానం తక్కువై అలా అనిపించిందని శ్రుతి చెప్పదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకంలో ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉందని నివేదిక ఇస్తే పత్రికలు కొత్త జబ్బులాగా రాశాయి. శ్రుతి లెక్కలో అది మొట్టమొదటి పురుషుడికే ఉంది. సినిమాహాళ్ళూ సెల్‌ఫోనులూ రాకముందే.

కాలం మార్చింది ఒకటుంది. మా తాతల కాలంలో పెళ్ళికాని పెదనాన్నలు, చిన్నాయనలు ఉమ్మడి ఇంట్లో ఒక గదిలో ఉండేవారు. అన్న పిల్లలు వాళ్ళ భుజాల మీద పెరిగారు. ఇప్పుడు ఆ ఇల్లే లేదు. మా దగ్గరి ఊళ్ళో పెళ్ళిళ్ళకు వంటలు చేసి బతికిన ఒకాయన పెళ్ళి లేకుండానే పోయాడు. అలా పోయినవాడికి దహనానికి ముందు జిల్లేడుతో పెళ్ళి చేస్తాం, అర్కవివాహం అంటారు. నేనే చేయించాను. శవానికి బాసికం కట్టారు. పైలోకానికి ఒంటరిగా పోకూడదని బంధువులు ఎంత శ్రద్ధ చూపించారో! ఆ మనిషి బతికుండగా పండగ పూట ఒక విస్తరి వేసి పిలిచినవాళ్ళు వాళ్ళలో ఎందరో నేను అడగలేదు.

నాకు పనికొచ్చిన మాట వెతుక్కోకుండానే దొరికింది. మా గురువుగారికి ఎనభై దాటాయి. భార్య పోయాక ఆయన బ్రహ్మసూత్రాల్లో మూడో అధ్యాయం నాలుగో పాదాన్ని పట్టుకున్నారు. వారానికోసారి వెళ్ళి నేను చదువుతాను, ఆయన చెబుతారు. ముప్పై ఆరో సూత్రం దగ్గర శంకరులు ఒక ప్రశ్న వేస్తారు. భార్య పోయినవాళ్ళు, డబ్బు లేనివాళ్ళు, ఏ కారణం వల్లనో ఏ ఆశ్రమంలోనూ చేరలేకపోయి మధ్యలో మిగిలినవాళ్ళు ఉన్నారు. వీళ్ళకు బ్రహ్మవిద్యకు అధికారం ఉందా? ఉంది అని సూత్రకారుడి తీర్పు. ఉదాహరణలు రైక్వుడు, వాచక్నవి. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి రెండుసార్లు నిలదీసిన గార్గి ఆమె. జపం, ఉపవాసం, దేవతారాధన ఇలాంటివాళ్ళకు తోడుపడతాయని ముప్పై ఎనిమిదో సూత్రం. ఆ మరుసటి సూత్రమే, అయినా మధ్యలో ఉండటం కంటే ఏదో ఒక ఆశ్రమంలో ఉండటమే మేలు అంటుంది.

ఆ చివరి మాట విన్నాకే మిగతాది నమ్మాను. లేమిని పట్టుకుని అదే గొప్పదని శాస్త్రం నన్ను మభ్యపెట్టలేదు. తక్కువే అంది, తలుపు మాత్రం మూయలేదు. నాలాంటివాళ్ళు ఉంటారని వెయ్యేళ్ళకు ముందే ఒకరికి తట్టింది. అందులో డబ్బు లేనివాళ్ళ ప్రసక్తి కూడా తెచ్చారు. వరుడి ఆదాయం అడిగిన మామల సంగతి శంకరులకూ తెలిసినట్టే ఉంది.

రైక్వుడి కథ ఛాందోగ్యంలోది. బండి కింద కూర్చుని గజ్జి గోక్కుంటున్న మనిషి. జానశ్రుతి అనే రాజు ఆరువందల ఆవులు, హారం, రథం తెచ్చి విద్య చెప్పమంటే పొమ్మంటాడు. రెండోసారి రాజు వెయ్యి ఆవులతో పాటు తన కూతుర్ని కూడా తెస్తాడు. అప్పుడు ఆమె ముఖం ఎత్తి చూసి, దీనితో నా చేత మాట్లాడిస్తున్నావు అని విద్య చెబుతాడు. రైక్వుడు ఉన్న ఊళ్ళకు ఆయన పేరు పెట్టారు. పిల్ల పేరు లేదు.

"గురువుగారూ, ఆమెకు ఇష్టమైందా?" అన్నాను.

"పాఠంలో లేదురా."

"అసలు ఆమెను తేకముందే ఆయనకు విద్య ఉంది కదండీ. బండి కింద ఉన్నప్పుడే ఉంది. శంకరులకు ఉదాహరణగా ఆ రైక్వుడు చాలు. ఆ పిల్లను ఇంటికి పంపించేయొచ్చు."

"తెలుసుకోవడం ఒంటరిగానే అయింది. చెప్పడం మాత్రం ఇంకొకళ్ళ ముఖం చూశాకే అయింది. అది ఎక్కడ పెడతావు?"

"ముఖం చూడ్డానికి పెళ్ళాడాలా? మీరు నా ముఖం చూసి చెప్పడం లేదూ?"

ఆయన గట్టిగా నవ్వారు. ఇది భార్య పోయినవాడి పక్షం, అది పెళ్ళికానివాడి పక్షం, తేలేది కాదన్నారు. భామతీ వ్యాఖ్యానం ఏమంటుందో చూసి రమ్మని పుస్తకం నా చేతిలో పెట్టారు. దాని అట్ట ఊడిపోయింది, మొదట కుట్టించాలి.